రిపోర్టు బీరువాలో దాచుకునేది కాదు

మామోగ్రామ్ తీయించుకుని ఇంటికొచ్చిన ఆడమనిషికి రెండు రోజుల తర్వాత ఆస్పత్రి నుంచి ఫోను వస్తుంది. "రిపోర్టులో చిన్న అనుమానం ఉందమ్మా, మళ్ళీ ఒకసారి రావాలి" అంటారు. అంతే! ఆ క్షణం నుంచి ఇంట్లో పొయ్యి మీది కూర మాడుతుంది, కళ్ళముందు పిల్లలు కదులుతారు, ఇంకా పెళ్ళికాని కూతురు గుర్తొస్తుంది. కొందరు అన్నీ అయిపోయినట్టే ఏడుస్తూ కూర్చుంటారు. ఇంకొందరు ఎవరికీ చెప్పకుండా ఆ కాగితాన్ని బీరువాలో పట్టుచీరల కింద పెట్టేసి, "నొప్పి లేదుగా, ఏమీ కాదులే" అని తమకి తామే సర్దిచెప్పుకుంటారు. ఏడ్చేవాళ్ళ సంగతి ఎలాగో ఒక దారికి వస్తుంది, ఎవరో ఒకరు ఓదార్చి తీసుకెళ్తారు. నాకు బెంగంతా ఆ రెండోవారి గురించే.

మళ్ళీ రమ్మన్నారంటే జబ్బు ఉందని తేల్చేసినట్టు కాదు. ప్రశ్న వేశారు, జవాబు ఇంకా రాలేదు, అంతే. ఆ జవాబు తెలుసుకోకుండా మధ్యలో ఆగిపోవడమే అసలు ప్రమాదం. పరీక్ష చేయించుకోమని చెప్పేవాళ్ళు ఈమధ్య చాలామంది తయారయ్యారు. పరీక్షలో ఏదో కనబడ్డాక ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళే తక్కువ.

ఎందుకు రమ్మంటారు?

మామోగ్రామ్ అంటే రొమ్ముని రెండు పలకల మధ్య నొక్కి తీసే ఎక్స్‌రే. రొమ్ములో కొవ్వు ఉంటుంది, పాలగ్రంథులు ఉంటాయి. ఫిల్ములో కొవ్వు నల్లగా, గ్రంథులు తెల్లగా కనిపిస్తాయి. చిక్కేమిటంటే గడ్డ కూడా తెల్లగానే కనిపిస్తుంది. వయసులో ఉన్నవాళ్ళలో గ్రంథులు దట్టంగా ఉంటాయి కాబట్టి తెలుపు మీద తెలుపు పడి డాక్టరుకి స్పష్టంగా తెలియదు. ఒక్కోసారి మామూలు కండే మడతపడి గడ్డలా కనబడుతుంది. ఆరోజు చంకలో పౌడరు, డియోడరెంటు రాసుకుని వెళితే అవి కూడా చుక్కలుగా పడొచ్చు. అందుకే అవేవీ రాసుకోకుండా రమ్మంటారు. మొదటిసారి తీయించుకున్నవాళ్ళకి పోల్చి చూడటానికి పాత ఫిల్ములుండవు. అందువల్ల కూడా మళ్ళీ పిలుస్తారు.

అమెరికాలో ఏ బాధా లేకుండా మామూలుగా మామోగ్రామ్‌కి వెళ్ళిన ప్రతి 100 మందిలో సుమారు 10 మందిని మళ్ళీ పిలుస్తారు. అలా పిలిచినవాళ్ళలో క్యాన్సర్ బయటపడేది పదిమందిలో ఒకరికన్నా తక్కువే. ఈ లెక్క మనకి మక్కీకి మక్కీ సరిపోదు. మన దగ్గర చాలామంది చేతికి గడ్డ తగిలాకే డాక్టరు దగ్గరికి వెళతారు, అలాంటప్పుడు అనుమానానికి బలం ఎక్కువే. అయినా పిలుపు వచ్చిన ప్రతివాళ్ళకీ క్యాన్సరే అనుకోవడం ఎంత తప్పో, పిలుపు వచ్చినా వెళ్ళకపోవడం అంతకన్నా తప్పు.

ఆ అంకె స్టేజీ కాదు

రిపోర్టు అడుగున 'బైరాడ్స్' అని రాసి పక్కన ఒక అంకె వేస్తారు. ఒక్కో డాక్టరు ఒక్కో రకంగా రాస్తే గందరగోళమవుతుందని అమెరికాలోని రేడియాలజీ డాక్టర్ల సంస్థ 1993లో పెట్టిన పద్ధతి ఇది. ఇప్పుడు మన ఊళ్ళలోనూ ఇదే వాడుతున్నారు. ఆ అంకెల అర్థం ఆడవాళ్ళందరికీ తెలియాలి.

సున్నా అంటే "ఏమీ లేదు" అని కాదు, "ఇంకా చెప్పలేం, మరికొన్ని ఫిల్ములో స్కానింగో కావాలి" అని. ఇక్కడే చాలామంది మోసపోతారు. సున్నా చూసి సంతోషపడి ఇంటికి వెళ్ళిపోతారు! 1 అంటే బాగుంది. 2 అంటే ఏదో కనిపించింది కానీ అది హానిలేనిదేనని తేలింది. 3 అంటే దాదాపు హానిలేనిదే, క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి రెండుకి మించదు. అయినా కొన్నాళ్ళు గమనించాలి. 4 అంటే అనుమానించాల్సిందే, ముక్క తీసి పరీక్ష చెయ్యాలి. 5 అంటే నూటికి 95 పాళ్ళు లేదా అంతకన్నా ఎక్కువగా క్యాన్సర్ అయ్యే అవకాశం ఉందని. 6 అనేది ముందే ముక్క పరీక్షలో క్యాన్సర్ అని తేలినవారికి మాత్రమే వేస్తారు.

ఈ 4 దగ్గర ఎన్ని ఇళ్ళలో ఎంత ఏడుపు జరుగుతుందో! "నాలుగట, నాలుగో స్టేజీ అట" అని ఒకరికొకరు చెప్పుకుని, పీకల్లోతు దుఃఖంలో మునిగి, ఇంక ఏం చేసినా లాభం లేదని వైద్యమే మానుకునేదాకా వెళతారు. రిపోర్టులోని 4కీ, జబ్బు ముదిరిన నాలుగో స్టేజీకీ ఏ సంబంధమూ లేదు. స్టేజీ అనేది క్యాన్సర్ అని ఖాయమయ్యాక, అది ఎంత పాకిందో చూసి చెప్పేది. ఇక్కడ ఇంకా క్యాన్సర్ అనే తేలలేదు. ఆ 4లో కూడా ఏ, బి, సి అని మూడు రకాలున్నాయి. 4ఏ అయితే అవకాశం నూటికి రెండు నుంచి పది లోపు, 4బి అయితే పది నుంచి యాభై, 4సి అయితే యాభై నుంచి తొంభై అయిదు. అంటే 4ఏ వచ్చిన పదిమందిలో తొమ్మిదిమందికి పైగా మామూలుగానే బయటపడతారు. ఈ ఒక్క ముక్క రిపోర్టు ఇచ్చేటప్పుడే చెబితే ఎన్ని రాత్రుల నిద్ర మిగులుతుంది!

తర్వాత జరిగేది ఇదీ

మళ్ళీ వెళ్ళినప్పుడు ముందుగా అనుమానం ఉన్న చోటునే ఇంకాస్త నొక్కి, పెద్దది చేసి మరికొన్ని ఫిల్ములు తీస్తారు. మడతపడ్డ కండ అయితే అక్కడితో విడిపోతుంది, కథ కంచికి వెళుతుంది. అల్ట్రాసౌండ్ స్కానింగ్ కూడా చేస్తారు. కడుపుతో ఉన్నప్పుడు చేసేదే ఇది. లోపలున్నది నీటి బుడగా, గట్టి గడ్డా అన్నది ఇందులో తెలుస్తుంది. ఉత్త నీటి బుడగ అయితే భయం లేదు. ముప్ఫై ఏళ్ళలోపు అమ్మాయిలకి గడ్డ తగిలితే సాధారణంగా ముందు స్కానింగే చేస్తారు. ఎమ్మారై అందరికీ అక్కర్లేదు, డాక్టరు ఫలానా కారణంగా కావాలంటేనే. "ఇది చేయించకపోతే ఏం తెలియకుండా పోతుంది డాక్టరుగారూ?" అని అడగడం మన హక్కు.

గట్టి గడ్డ అనో, సున్నం పేరుకున్న సన్నటి చుక్కలు గుంపుగా ఉన్నాయనో అనుమానం మిగిలితే అప్పుడు సూదితో ముక్క తీస్తారు. దీనికే మనవాళ్ళు హడలిపోతారు. "సూది పెడితే అది ఒళ్ళంతా పాకుతుందట వదినా, కదిలించకూడదట" అని ఎవరో ఒకరు చెవిలో వేస్తారు. ఈ మాటకి ఆధారం లేదు. సూదితో పరీక్ష చేసినందువల్ల రొమ్ము క్యాన్సర్ ఒళ్ళంతా పాకుతుందని పరిశోధనల్లో తేలలేదు. పాకేది పరీక్ష చేయించకుండా గడిపిన నెలల్లో.

చర్మానికి మత్తు ఇంజక్షన్ ఇచ్చి, స్కానింగులో చూస్తూ కాస్త లావు సూదితో మూడు నాలుగు సన్నటి ముక్కలు తీస్తారు. సూది కదిలినప్పుడు టక్కుమని చప్పుడవుతుంది, ఆ చప్పుడుకి ఉలిక్కిపడకుండా ముందే తెలుసుకుని వెళ్ళండి. కుట్లు అక్కర్లేదు, కట్టు వేసి అదేరోజు ఇంటికి పంపేస్తారు. నాలుగైదు రోజులు కమిలినట్టు నల్లగా ఉండొచ్చు. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి, మనంతట మనమే ఆపకూడదు. స్కానింగులో కనిపించని చుక్కలైతే మామోగ్రామ్ మిషను సాయంతోనే గురి చూసి తీస్తారు. తీసినచోట గుర్తుకోసం బియ్యపు గింజకన్నా చిన్న లోహపు ముక్క వదలొచ్చు, దానివల్ల హాని లేదు.

సన్న సూదితో నీరు లాగి చూసే పరీక్ష ఒకటుంది. అది చవక, తొందరగా అయిపోతుంది. కానీ అందులో విడి కణాలే వస్తాయి. లావు సూదితో తీసిన ముక్కలో కణాలు ఎలా అమరి ఉన్నాయో కూడా తెలుస్తుంది. క్యాన్సర్ అయితే ఏ మందుకి లొంగుతుందో చూసే తర్వాతి పరీక్షలకీ ఆ ముక్కే పనికొస్తుంది. కాబట్టి మీకు ఏది చేస్తున్నారో అడగండి.

కత్తికన్నా ముందు సూది

ఇక్కడ నేను గట్టిగా చెప్పదలుచుకున్న మాట ఒకటుంది. కొన్నిచోట్ల గడ్డ కనబడగానే "కోసి తీసేద్దాం, పీడా పోతుంది" అంటారు. మనమూ "తీసెయ్యండి బాబూ" అని బల్ల ఎక్కేస్తాం. తీసిన గడ్డని కొందరు పరీక్షకి కూడా పంపరు. పంపాక క్యాన్సర్ అని తేలితే మళ్ళీ ఇంకో ఆపరేషన్. ముందే సూది పరీక్ష అయివుంటే ఏం చెయ్యాలో, ఎంతవరకు తియ్యాలో, ముందు మందులివ్వాలా అన్నది ఒకేసారి ఆలోచించుకునేవాళ్ళు. కాబట్టి సూది పరీక్ష కాకుండా కత్తికి ఒప్పుకోకండి. ఏదైనా కారణం చేత అది కుదరదంటే ఆ కారణమేమిటో చెప్పించుకోండి. ఒంట్లోంచి ఏ గడ్డ తీసినా పరీక్షకి పంపారా లేదా అని నోరు తెరిచి అడగండి. పరీక్ష చేసిన అద్దం పలకలు, మైనపు దిమ్మలు ల్యాబులో ఉంటాయి. ఇంకో డాక్టరుకి చూపించాలనుకుంటే వాటిని అడిగి తీసుకోవచ్చు.

ముక్క పరీక్షలో "క్యాన్సర్ కాదు" అని వచ్చినా ఒక పని మిగిలి ఉంటుంది. ఫిల్ములో కనిపించినదానికీ, ముక్కలో తేలినదానికీ పొంతన ఉందా అని డాక్టరు సరిచూడాలి. ఫిల్ములో 5 అనిపించేంత అనుమానం ఉండి ముక్కలో ఏమీ లేదని వస్తే, సూది సరైన చోట పడలేదేమో! అప్పుడు మళ్ళీ తియ్యాల్సిందే. కణాలు కొంచెం తేడాగా ఉన్నాయి కానీ క్యాన్సర్ కాదు అన్నా, ఆ భాగం తీసి చూడాల్సి రావొచ్చు. "రెండూ సరిపోయాయా డాక్టరుగారూ?" అన్న ఒక్క ప్రశ్న గుర్తుపెట్టుకుంటే చాలు.

దీనికి తిరగేసిన సంగతి కూడా తెలియాలి. మామోగ్రామ్‌లో ఏమీ లేదన్నారు, కానీ చేతికి గడ్డ తగులుతూనే ఉంది. అప్పుడు కాగితాన్ని నమ్మి ఊరుకోకూడదు. మామూలుగా తీసే మామోగ్రామ్‌లో 8 క్యాన్సర్లలో ఒకటి కనబడకుండా పోతుందని అమెరికన్ క్యాన్సర్ సొసైటీ చెబుతోంది. గడ్డ, చనుమొన లోపలికి లాక్కుపోవడం, రక్తం కారడం, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడటం, చంకలో బిళ్ళ కట్టడం - వీటిలో ఏది ఉన్నా రిపోర్టు బాగున్నా సరే మళ్ళీ చూపించుకోవాల్సిందే. నొప్పి లేదని ధీమా పడొద్దు. మొదట్లో ఈ జబ్బు చాలామందికి నొప్పి పుట్టదు.

ఆర్నెల్ల గడువు

3 వచ్చినవాళ్ళకి ఆరు నెలల తర్వాత రమ్మంటారు. ఇది అన్నిటికన్నా కష్టమైన మాట. "ఏదన్నా ఉంటే ఇప్పుడే చెయ్యొచ్చుగా, లేకపోతే మళ్ళీ ఎందుకు?" అని విసుక్కుంటాం. అది డాక్టరు అశ్రద్ధ కాదు. నూటికి 98 మందికి అక్కర్లేని సూది తప్పించడానికి పెట్టుకున్న గడువు. ఆరు నెలలకి, ఏడాదికి, రెండేళ్ళకి తీసిన ఫిల్ములు పక్కపక్కన పెట్టి చూసి మార్పు లేదంటే అప్పుడు నిశ్చింత. ఈ బేరంలో మన వంతు ఒక్కటే, తేదీ తప్పకుండా వెళ్ళడం. ఆ ఆర్నెల్లలో కూతురి పురుడు వస్తుంది, పిల్లాడి పరీక్షలొస్తాయి, అత్తగారి కంటి ఆపరేషన్ వస్తుంది. అందరి పనులూ గుర్తుంటాయి, మన తేదీ మాత్రం పోతుంది. గ్యాస్ బుక్ చేసిన తేదీ రాసుకునే క్యాలెండరు మీదే ఇది కూడా రాసుకోండి. పాత ఫిల్ములు, సీడీలు పారెయ్యకండి, వెళ్ళిన ప్రతిసారీ పట్టుకెళ్ళండి. అవి లేకపోతే డాక్టరు మళ్ళీ మొదటికొస్తాడు.

ఒంటి గురించిన కబురు ఎవరికి చెప్పాలి?

మన ఆస్పత్రుల్లో మామూలుగా జరిగేది చూడండి. ఆడమనిషిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, భర్తనో కొడుకునో లోపలికి పిలిచి రిపోర్టు సంగతి చెబుతారు. ఆయన మొహం చిన్నబుచ్చుకుని బయటికొస్తాడు. "ఏమండీ, డాక్టరుగారేమన్నారు?" అంటే "ఏం లేదు, బలానికి మందులిచ్చారు" అంటాడు. ప్రేమతోనే అంటాడు, కాదనను. కానీ ఏమీ లేదనుకున్న మనిషి మళ్ళీ ఆస్పత్రికి ఎందుకు వస్తుంది? సూదికి ఎందుకు ఒప్పుకుంటుంది? దాచిపెట్టడం వల్ల ఆమె భయం తగ్గదు, ఆలస్యం మాత్రం పెరుగుతుంది. ఒళ్ళు ఆమెది, కబురు మొదట ఆమెకే చెప్పాలి. పక్కన తోడుగా ఎవరుండాలో ఆమే నిర్ణయించుకోవాలి.

కూతురి సంబంధాలు చెడిపోతాయని రిపోర్టు దాచే తల్లులున్నారు. అమ్మా, ఈ జబ్బు వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఇళ్ళలో అంతకుముందు ఎవరికీ వచ్చి ఉండదు. వంశంలో దిగేది కొద్దిమందిలోనే. తల్లి లేని పెళ్ళిపందిరి కన్నా, వైద్యం చేయించుకుని పీటల మీద కూర్చున్న తల్లి ఆ పిల్లకి కావాలి.

డబ్బు సంగతీ చిన్నది కాదు. ప్రైవేటులో ఒక్కో పరీక్షకీ ఒక్కో బిల్లు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి ప్రభుత్వానిది, విశాఖ అగనంపూడి దగ్గర టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. క్యాన్సర్ అని తేలితే చికిత్సకి తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నాయి. పథకంలో ఉన్న ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర కూర్చుంటారు. ఏ పరీక్ష పథకం కిందికి వస్తుందో, ఏది రాదో మొదటిరోజే వారిని అడగండి.

క్యాంపులు పెట్టేవారికి

అక్టోబరు నెల వస్తే గులాబీ రిబ్బన్లు, బెలూన్లు, ఉచిత మామోగ్రామ్ క్యాంపులు. మంచిదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో ఎప్పుడైనా ఒక్కసారి రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ఒక్కరు కూడా లేరని తేలింది. 2022లో మన దేశంలో కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు సుమారు 1,92,000 మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. అందుకని ఎవరు ఏ పరీక్ష చేసినా కాదనలేం.

కానీ క్యాంపులో ఫిల్ము తీసి, ఇంగ్లీషు కాగితం చేతిలో పెట్టి, బ్యానరు విప్పేసి వెళ్ళిపోతే ఆ తర్వాత ఆ ఇల్లాలు ఎక్కడికి వెళ్ళాలి? అనుమానం ఉన్నవారికి స్కానింగు ఎవరు చేస్తారు, ముక్క పరీక్ష ఖర్చు ఎవరిది, నెల తర్వాత ఆమె వెళ్ళిందో లేదో కనుక్కునేది ఎవరు? ఇవి తేల్చకుండా పెట్టే క్యాంపు ఆమెకి భయాన్ని ఉచితంగా ఇచ్చి, వైద్యాన్ని ఆమెకే వదిలేస్తుంది. ముంబైలో టాటా మెమోరియల్ వారు 1998లో మొదలుపెట్టి సుమారు లక్షన్నర మంది ఆడవాళ్ళతో ఇరవై ఏళ్ళపాటు పరిశోధన చేశారు. అందులో సగంమందికి మామోగ్రామ్ కాదు, శిక్షణ పొందిన ఆడ కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో చూసే పరీక్షే చేశారు. అనుమానం ఉన్నవాళ్ళని ఆస్పత్రికి పంపించారు. 2021లో వచ్చిన ఫలితాల్లో యాభై దాటినవారిలో ఈ జబ్బుతో చనిపోయేవారు దాదాపు నూటికి 30 మేరకు తగ్గారు. ఖరీదైన మిషను లేకపోయినా, వెంటపడి చూసుకునే మనుషులుంటే ఎంత జరుగుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

అందుకని క్యాంపులు పెట్టేవారినీ, ఆస్పత్రులవారినీ అడిగేది మూడే. రిపోర్టు అడుగున రెండు వాక్యాలు తెలుగులో రాయండి: ఏం కనిపించింది, ఎప్పుడు ఎక్కడికి రావాలి. ఆ మాట ముందుగా ఆమెకే చెప్పండి. చెప్పిన తేదీకి రాకపోతే ఒక ఫోను చెయ్యండి. బంగారం చీటీ వాయిదా తప్పితే మర్నాడే ఫోను చేసే రోజులివి, ప్రాణం వాయిదాకి ఆమాత్రం చెయ్యలేమా?

ఇక మనం చెయ్యాల్సింది. ఈ మాటలు చదువుతున్న మీలో ఎవరి బీరువాలోనైనా అలాంటి కాగితం ఉంటే ఇవాళే బయటికి తియ్యండి. అడుగున ఏ అంకె ఉందో చూడండి. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి, మొగుడికి చెప్పలేకపోతే అక్కకో, ఆడపడుచుకో చెప్పండి. పాత ఫిల్ములన్నీ ఒక సంచిలో పెట్టుకుని ఈ వారంలోనే బయల్దేరండి. అక్కడ తేలేది ఎక్కువమందికి మంచి కబురే. కాకపోయినా, ముందుగా తెలిసినవాళ్ళకి చేయగలిగింది చాలా ఉంది.